క్రొమాటిక్ స్కేల్: పన్నెండు స్వరాల్లో ఒక్కటీ జారిపోకుండా

కీబోర్డు నేర్చుకునే కొత్తలో నాకు క్రొమాటిక్ స్కేల్ అంటే చిన్నచూపు. తెల్లవీ నల్లవీ వరసగా నొక్కుకుంటూ పోవడమేగా, ఇందులో నేర్చుకోడానికి ఏముంది అనుకునేవాడిని. ఒకసారి నలుగురితో కలిసి వాయిస్తుంటే సి స్వరం నుంచి పై సి దాకా ఒక పరుగు తీయాల్సి వచ్చింది. వేళ్లు బాగానే పరిగెత్తాయి. కానీ సి మీద ఆగాల్సినవాణ్ణి దాని పక్కనే పైనున్న నల్ల కీ, సి షార్ప్ మీద తేలాను. పాట మొత్తంలో అందరి చెవినా పడింది ఆ ఒక్క స్వరమే. ఇంటికొచ్చి ఎక్కడ తప్పానో వెతుకుదామంటే దొరకలేదు. మధ్యలో ఏ క్షణంలోనూ ఎక్కడున్నానో తెలిసి వాయించలేదు మరి.

ఏడు స్వరాల మేజర్ స్కేల్‌లో దారి తప్పితే చెవి ఇట్టే పట్టేస్తుంది. అందులో కొన్ని అడుగులు పెద్దవి, కొన్ని చిన్నవి. ఆ తేడాలే మనకు ఆనవాళ్లు. క్రొమాటిక్‌లో అన్ని అడుగులూ ఒకటే కొలత. మైలురాళ్లు లేని రోడ్డు లాంటిది. అందుకని ఇక్కడ వేగం గురించి తక్కువ, ఆనవాళ్లు మనమే ఎలా పెట్టుకోవాలన్న దాని గురించి ఎక్కువ చెబుతాను. కీబోర్డు, గిటార్, గొంతు మూడింటినీ ముట్టుకుంటాను. మీ దగ్గర ఏది ఉంటే ఆ భాగం చూసుకోండి, గొంతు భాగం మాత్రం వదలొద్దు.

ముందు కాస్త లెక్క

ఒక స్వరం నుంచి అదే స్వరం పై స్థాయికి ఉన్న దూరమే ఆక్టేవ్. పై స్వరం ఫ్రీక్వెన్సీ కింది దానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది. ఎ స్వరం 440 హెర్ట్జ్ అయితే దాని పై ఎ 880. ఈ దూరాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెమిటోన్. ఏ స్వరం నుంచైనా మొదలుపెట్టి ఒక్కో సెమిటోన్ చొప్పున ఎక్కుతూ పోతే అదే క్రొమాటిక్ స్కేల్. గ్రీకులో 'క్రోమా' అంటే రంగు, పేరు అక్కడి నుంచి వచ్చింది.

సమానం అన్నది ఇక్కడ కూడికలో కాదు, గుణకారంలో. ప్రతి స్వరాన్నీ సుమారు 1.0595తో గుణిస్తే తర్వాతి స్వరం వస్తుంది. 440 తర్వాత 466.16, ఆపైన 493.88, ఆపైన 523.25... ఇలా పన్నెండోసారికి 880 చేరతాం. హెర్ట్జ్‌లో చూస్తే మొదటి అడుగు 26, తర్వాతిది దాదాపు 28, ఆ తర్వాతిది 29కి పైన. అంకెలు పెరుగుతున్నా చెవికి మాత్రం అడుగులన్నీ ఒకలాగే వినిపిస్తాయి. గిటార్ ఉంటే ఇది కళ్లతో చూడొచ్చు. బాడీ వైపు పోయేకొద్దీ ఫ్రెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు గీతలు) ఒకదానికొకటి దగ్గరవుతాయి, 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ పొడవులో సగం దగ్గరికి వస్తుంది. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో, 1584 నాటికే, చైనా మింగ్ రాజవంశానికి చెందిన జు జాయ్‌యు ఈ సమాన విభజనను లెక్కగట్టి చూపించాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో సంగతి. మేజర్ స్కేళ్లు పన్నెండు ఉన్నాయి, ఒక్కోటీ వేరే కీల మీద నడుస్తుంది. క్రొమాటిక్ స్కేల్ ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టినా తగిలేవి అవే పన్నెండు స్వరాలు. ఒకసారి కుదిరిందంటే మళ్లీ పదకొండుసార్లు నేర్చుకునే పని లేదు.

మొదటి అడుగు: పేర్లు నోటికి రావాలి

వాయిద్యం ముట్టుకోకముందే ఇది చేయండి. పైకి వెళ్లేటప్పుడు (షార్ప్ అంటే ఒక సెమిటోన్ పైన):

సి, సి షార్ప్, డి, డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్, ఎ, ఎ షార్ప్, బి, సి.

కిందికి దిగేటప్పుడు (ఫ్లాట్ అంటే ఒక సెమిటోన్ కింద):

సి, బి, బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్, జి, జి ఫ్లాట్, ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్, డి, డి ఫ్లాట్, సి.

రెండు సి లనూ కలుపుకుంటే పదమూడు. వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పండి. పన్నెండుకే అయిపోయిందంటే ఎక్కడో ఒకటి మింగేశారు. ఇ కి ఎఫ్ కి మధ్య, బి కి సి కి మధ్య నల్ల కీ లేదు. ఆ జంటలు అప్పటికే సెమిటోన్ దూరంలో ఉన్నాయి. కొత్తవాళ్ల తప్పుల్లో సగానికి సగం ఈ రెండు చోట్లే జరుగుతాయి.

ఎక్కేటప్పుడు షార్ప్, దిగేటప్పుడు ఫ్లాట్ ఎందుకు? నల్ల కీలు అవే కదా, పేరు మార్చడం దేనికి? దీనికి కారణం కాగితం మీద తెలుస్తుంది. నొటేషన్‌లో ఒక గీత మీద షార్ప్ పెడితే ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) అయిపోయేదాకా అది అమల్లో ఉంటుంది. దిగుతూ ఎ షార్ప్ అని రాస్తే, వెంటనే వచ్చే ఎ కి 'షార్ప్ తీసేశాను' అని చెప్పే నేచురల్ గుర్తు పెట్టాలి. జి షార్ప్ రాస్తే జి కి మళ్లీ ఇంకోటి. ఒక ఆక్టేవ్‌కి పది గుర్తులవుతాయి. ఫ్లాట్లతో దిగితే ఐదు గుర్తులతో సరిపోతుంది. ఎక్కేటప్పుడు షార్ప్‌లు వాడటమూ ఇదే పొదుపు కోసం. పాట ఏ కీలో ఉందన్న దాన్ని బట్టి ఈ రాత కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ, నేర్చుకోడానికి ఈ సూత్రం చాలు.

ఒకే చోటుకి రెండు పేర్లు అంటే కంగారు పడక్కర్లేదు. కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో తెలిసినవాళ్లకు ఇది పాత సంగతే. చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే స్థానం. షట్శ్రుతి రిషభమూ సాధారణ గాంధారమూ ఒకే స్థానం. ధైవత నిషాదాల దగ్గరా ఇంతే. అలా పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లు. షడ్జమాన్ని సి మీద పెట్టుకుంటే సి షార్ప్ శుద్ధ రిషభం, ఎఫ్ షార్ప్ ప్రతి మధ్యమం, బి కాకలి నిషాదం. పోలిక స్థానాల వరకే సుమా. మేళకర్తలు (మూల రాగాలు) 72 ఉన్నా ఒక్కోదానికి ఏడు స్వరాలే, పన్నెండింటినీ వరసగా పలికించే మేళకర్త లేదు. పైగా రాగంలో స్వరం గమకంతో కదులుతుంది, కీబోర్డు కీ లాగా ఒకచోట నిలబడిపోదు.

రెండో అడుగు: కీబోర్డు మీద వేళ్లు

బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు మూడు. ఈ మూడింటితోనే పని. సూత్రం చిన్నది: నల్ల కీ అంటే మధ్యవేలు, తెల్ల కీ అంటే బొటనవేలు, రెండు తెల్ల కీలు పక్కపక్కన వచ్చినచోట మాత్రం చూపుడువేలు కూడా దిగుతుంది.

కుడిచెయ్యి, సి నుంచి పైకి: 1 3 1 3 1 2 3 1 3 1 3 1 2.

ఎడమచెయ్యి, సి నుంచి పైకి: 1 3 1 3 2 1 3 1 3 1 3 2 1.

దిగేటప్పుడు అవే వేళ్లు వెనక్కి. కుడిచేతిలో ఇ మీద బొటనవేలు, ఎఫ్ మీద చూపుడువేలు పడుతున్నాయి చూడండి. బి, సి దగ్గరా అంతే. నేను ఆరోజు తప్పింది ఇక్కడేనని చాలాకాలానికి గానీ తెలియలేదు. 1 3 1 3 అంటూ తెలుపు నలుపు లయలో పడిపోయిన చెయ్యి ఇ తర్వాత కూడా నల్ల కీ కోసం ఎగిరి ఎఫ్ షార్ప్ మీద వాలింది. ఎఫ్ ఎగిరిపోయింది. అక్కడి నుంచి అన్నీ ఒక సెమిటోన్ ముందుకు జరిగి చివరికి సి బదులు సి షార్ప్ వచ్చింది. మీరూ ఒక మెట్టు పైన తేలితే అనుమానించాల్సింది ముందు ఈ రెండు మూలలనే.

అందుకని మొత్తం స్కేల్ వాయించేముందు ఈ ముక్క ఒక్కటీ విడిగా తిప్పండి: డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, మళ్లీ వెనక్కి. వేళ్లు 3 1 2 3. కళ్లు మూసుకుని కూడా తడబడకుండా వచ్చేదాకా. ఆ తర్వాత ఎ షార్ప్, బి, సి, సి షార్ప్ మీద అదే. ఈ రెండూ కుదిరితే మిగతా స్కేల్ దాదాపు వచ్చేసినట్టే.

చేతి భంగిమ గురించి ఒక్క మాట. అరచేతిని నల్ల కీల వైపు కొంచెం లోపలికి జరపండి. తెల్ల కీల అంచున వాయిస్తే మధ్యవేలు ప్రతిసారీ ముందుకు పొడుచుకెళ్లాలి, వేగం పెంచగానే మణికట్టు బిగుసుకుంటుంది. బొటనవేలు ఎక్కువసార్లు పడుతుంది కాబట్టి దాని దెబ్బే గట్టిగా వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, 'ఢం-టిక్-ఢం-టిక్' అని వస్తే బొటనవేలిని తేలిక చేయాలి. వాయిస్తున్నప్పుడు మనకు ఈ ఎగుడుదిగుడు తెలియదు.

రెండు చేతులూ కలిపేటప్పుడు అందరూ రెంటినీ ఒకే దిశలో పంపి తంటాలు పడతారు. నా సలహా: డి నుంచి మొదలుపెట్టి ఎదురెదురు దిశల్లో పంపండి. ఒక ఆక్టేవ్ ఎడంగా రెండు డి ల మీద రెండు బొటనవేళ్లు పెట్టి కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందికి నడిపించండి. కీబోర్డు డి దగ్గర అద్దం పెట్టినట్టు ఉంటుంది. కుడి పక్క డి షార్ప్ ఉంటే ఎడమ పక్క సి షార్ప్, అటు ఇ అయితే ఇటు సి, అటు ఎఫ్ అయితే ఇటు బి. అంటే రెండు చేతుల్లోనూ ఒకే క్షణంలో ఒకే వేలు పడుతుంది: 1 3 1 2 3 1 3. వారం రోజులు ఒకే దిశలో కుదరని చేతులు ఇలా పది నిమిషాల్లో దారికి రావడం నేను చూశాను.

గిటార్ అయితే

ఒకే తీగ మీద ఇది చాలా తేలిక. ఖాళీ తీగ నుంచి 12వ ఫ్రెట్ దాకా ఒక్కో ఫ్రెట్ నొక్కుకుంటూ పోతే ఒక ఆక్టేవ్ క్రొమాటిక్ అయిపోయినట్టే. చిక్కంతా తీగ మారేటప్పుడు.

చాలామంది ప్రతి తీగ మీదా 1-2-3-4 ఫ్రెట్లు నొక్కుతూ ఆరు తీగలూ దాటి దాన్నే క్రొమాటిక్ స్కేల్ అంటుంటారు. వేళ్ల వ్యాయామంగా అది బాగానే ఉంటుంది, స్కేల్‌గా మాత్రం చిల్లులే. లావు ఇ తీగ మీద ఆ నాలుగూ ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్. పక్కన ఎ తీగ మొదటి ఫ్రెట్ ఎ షార్ప్. మధ్యలో ఎ ఏమైంది? తీగకూ తీగకూ మధ్య ఐదు సెమిటోన్లు ఉంటే నాలుగు వేళ్లు నాలుగింటినే పట్టగలవు. అందుకే దాదాపు ప్రతి తీగకూ ఒకటి రాలిపోతుంది.

సరైన దారి ఏంటంటే తీగ మారినప్పుడల్లా చేతిని ఒక ఫ్రెట్ వెనక్కి జరపడం:

లావు ఇ తీగ: 5 6 7 8 (ఎ నుంచి సి)
ఎ తీగ: 4 5 6 7 (సి షార్ప్ నుంచి ఇ)
డి తీగ: 3 4 5 6 (ఎఫ్ నుంచి జి షార్ప్)
జి తీగ: 2 3 4 5 (ఎ నుంచి సి)
బి తీగ: 2 3 4 5 (సి షార్ప్ నుంచి ఇ)
సన్న ఇ తీగ: 1 2 3 4 (ఎఫ్ నుంచి జి షార్ప్)

జి తీగ నుంచి బి తీగకు వెళ్లేటప్పుడు చెయ్యి జరగలేదు, గమనించారా? ఆ రెండింటి మధ్య దూరం నాలుగు సెమిటోన్లే. ఇదొక్కటి గుర్తుంటే మిగతాది గుర్తుపెట్టుకునే పనే లేదు, లెక్కేసుకోవచ్చు. చూపుడువేలు వెనక్కి జరిగే క్షణంలో శబ్దం తెగిపోకుండా, చిటికెనవేలి స్వరాన్ని చివరిదాకా మోగనివ్వండి. ఎదురయ్యే కష్టం అదొక్కటే.

మూడో అడుగు: మైలురాళ్లు పాతడం

నేను ఈ స్కేల్‌ని నిజంగా నేర్చుకున్నది ఈ అభ్యాసంతోనే. లయకు టిక్ టిక్ అని కొట్టే మెట్రోనోమ్‌ని 60 మీద, అంటే నిమిషానికి 60 టిక్‌ల మీద పెట్టండి. తొందరొద్దు.

మొదట ఒక్కో టిక్‌కి రెండు స్వరాలు. టిక్ మీద పడే స్వరాలు: సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, సి.

తర్వాత ఒక్కో టిక్‌కి మూడు. ఇప్పుడు టిక్ మీద పడేవి: సి, డి షార్ప్, ఎఫ్ షార్ప్, ఎ, సి.

తర్వాత నాలుగు: సి, ఇ, జి షార్ప్, సి.

పన్నెండుని రెండూ, మూడూ, నాలుగూ నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి ప్రతిసారీ పై సి సరిగ్గా టిక్ మీదే వచ్చి కూర్చుంటుంది. రాకపోతే ఎక్కడో ఒక స్వరం ఎగిరింది, లేదా ఒకటి రెండుసార్లు పడింది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. మూడు చొప్పున వాయిస్తూ రెండో టిక్ మీద డి షార్ప్ వచ్చి, మూడో టిక్ మీద ఎఫ్ షార్ప్ బదులు జి వచ్చిందంటే దొంగ ఆ మధ్యలోనే ఉన్నాడు. ఆ మూడు స్వరాలే వెతికితే సరిపోతుంది.

టిక్ మీద పడే స్వరాన్ని పేరు పెట్టి పైకి అనండి. 'సి... డి షార్ప్... ఎఫ్ షార్ప్... ఎ... సి'. మొదట్లో నోరూ చెయ్యీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, టెన్షన్‌గా కూడా ఉంటుంది. మూణ్నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. నోటితో అనలేని వేగంలో వాయించడం అప్పటికి ఆపేయండి.

పైన వచ్చిన టిక్ స్వరాలను విడిగా కూడా వాయించి చూడండి. మూడు చొప్పున వచ్చినవి నాలుగూ కలిపి నొక్కితే డిమినిష్డ్ సెవెన్త్ కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు). నాలుగు చొప్పున వచ్చినవి ఆగ్మెంటెడ్ ట్రయాడ్ అనే మూడు స్వరాల కార్డ్. రెండు చొప్పున వచ్చినవి హోల్‌టోన్ స్కేల్ (హోల్‌టోన్ అంటే రెండు సెమిటోన్ల దూరం). పుస్తకాల్లో వేర్వేరు పాఠాలుగా కనబడే ఈ మూడూ ఒకే రోడ్డు మీద వేర్వేరు దూరాల్లో పాతిన రాళ్లేనని నాకు తెలిసిన రోజు భలే సరదా వేసింది.

వేగం పెంచే సంగతి క్లుప్తంగా: వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే మెట్రోనోమ్‌ని నాలుగంకెలు పెంచండి. తప్పితే ఎనిమిది తగ్గించండి. ఒక్కరోజులో 60 నుంచి 120కి పోవాలనుకుంటే చేతికి తప్పే అలవాటవుతుంది.

నాలుగో అడుగు: గొంతు

పాడేవాళ్లకే కాదు, వాయించేవాళ్లకూ ఇది కావాలి. గొంతుకి కీలూ ఫ్రెట్లూ లేవు కదా, దూరం తెలియకపోతే అక్కడ దాచుకోడానికి చోటే ఉండదు.

పన్నెండింటినీ ఒకేసారి పాడబోతే ఖచ్చితంగా జారిపోతారు. ముందు సి, డి మధ్య హోల్‌టోన్ పాడండి. అది చెవికి పరిచయమైన దూరమే, మేజర్ స్కేల్‌లో మొదటి అడుగు. స్థిరపడ్డాక మధ్యలో సి షార్ప్‌ని ఇరికించండి: సి, సి షార్ప్, డి. డి మళ్లీ ఇందాకటి చోటే ఉందా? కీబోర్డు మీద ఆ కీ నొక్కి సరిచూసుకోండి. తర్వాత డి, ఇ పాడి మధ్యలో డి షార్ప్. ఇలా పెద్ద అడుగు ముందు వేసి, తర్వాత మధ్య మెట్టు పెట్టుకుంటూ పోవాలి. 'లా' అనే అక్షరంతో పాడితే సుఖం.

నా గొంతులో జరిగేది చెబుతాను. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవైపోయి పై సి అందేసరికి కొంచెం తక్కువలో ఉంటాను. దిగేటప్పుడు పెద్దవైపోయి కింది సి కంటే కిందికి పోతాను. రెండూ శ్రుతి తగ్గడమే. మీకూ ఇలాగే ఉంటే ఎక్కేటప్పుడు 'ఇంకొంచెం', దిగేటప్పుడు 'చాలు చాలు' అని మనసులో అనుకుంటూ పాడండి. నవ్వులాటగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

చెవికి ఒక నమూనా కావాలంటే ఫ్రెంచ్ స్వరకర్త బిజే 1875 నాటి ఒపెరా 'కార్మెన్'లోని హబనేరా అనే పాట వినండి. గాయని మొదటి పంక్తిలోనే సెమిటోన్ల మీదుగా నెమ్మదిగా జారుతూ దిగుతుంది. క్రొమాటిక్ అంటే పరుగు మాత్రమే అనుకునేవాళ్లు ఆ దిగుడు ఎంత తీరిగ్గా ఉందో వినాలి.

ఐదో అడుగు: పాటలో పెట్టడం

క్రొమాటిక్ స్కేల్‌ని మొత్తంగా వాయించే సందర్భాలు అరుదు. దాని ముక్కలు మాత్రం అడుగడుగునా పనికొస్తాయి.

సి మేజర్ కార్డ్ పట్టుకోండి: సి, ఇ, జి. ప్రతిదాన్నీ ఒక సెమిటోన్ కింది నుంచి అందుకోండి. బి-సి, డి షార్ప్-ఇ, ఎఫ్ షార్ప్-జి. ఇప్పుడు తేడా వినండి. డి షార్ప్‌ని టిక్‌కి ముందు వాయించి ఇ ని టిక్ మీద పెడితే ఇ ని ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టు ఉంటుంది. అదే డి షార్ప్‌ని టిక్ మీద పెట్టి ఆపేస్తే విన్నవాళ్లు తప్పు వాయించారనుకుంటారు. స్వరం అదే, పడిన చోటే వేరు.

బేస్‌లో, అంటే అన్నిటికంటే కింది స్వరంలో, దిగడం ఇంకో వాడకం. కుడిచేత్తో సి మేజర్, జి మేజర్, సి సెవెన్త్, ఎఫ్ మేజర్, ఎఫ్ మైనర్, సి మేజర్ వరసగా పట్టుకోండి. ఎడమచేత్తో ఒక్కో కార్డ్ కింద ఒక్కో స్వరం: సి, బి, బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్, జి. ఆ ఆరు స్వరాల్లో ప్రతిదీ పైన ఉన్న కార్డ్‌లోదే, ఒక్కటీ పరాయిది కాదు. అయినా కింద ఒక సన్నని దారం జారుతున్నట్టు వినిపిస్తుంది. ఎఫ్ మేజర్ నుంచి ఎఫ్ మైనర్‌కి మారే చోట ఎ, ఎ ఫ్లాట్ అయ్యేటప్పుడు గుండె ఒక్క క్షణం కిందికి దిగుతుంది. దాని కోసమైనా ఈ వరస నేర్చుకోండి.

చివరగా పరుగు. నేను మొదట్లో బోర్లాపడ్డది దీని దగ్గరే కాబట్టి దీనికో పద్ధతి పెట్టుకున్నాను: ఎక్కడ మొదలుపెట్టాలో కాదు, ఎక్కడ ఆగాలో ముందు చూసుకుని వెనక్కి లెక్కపెడతాను. వచ్చే టిక్ మీద జి ఉండాలి, ఒక టిక్ నిడివిలో నాలుగు స్వరాలు వాయించాలి అనుకుందాం. జి నుంచి నాలుగు సెమిటోన్లు వెనక్కి వెళ్తే డి షార్ప్. కాబట్టి డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, ఆపైన టిక్ మీద జి. మూడు స్వరాలే చాలనుకుంటే ఇ నుంచి మొదలు. రెండు టిక్‌ల పరుగు, నాలుగేసి స్వరాలు అయితే ఎనిమిది వెనక్కి, అంటే కింది బి నుంచి.

రోజూ ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి. కళ్లు మూసుకుని ఏదో ఒక స్వరం అనుకోండి, దాని మీద ఆగడానికి మూడు వెనక్కి, నాలుగు వెనక్కి, ఎనిమిది వెనక్కి ఎక్కడ మొదలవ్వాలో ముందు నోటితో చెప్పి, ఆ తర్వాతే కీ ముట్టుకోండి. ఎఫ్ మీదా సి మీదా ఆగే పరుగులు ఎక్కువసార్లు చేయండి, ఇ-ఎఫ్, బి-సి మూలలు వాటి ముందే ఉంటాయి కాబట్టి.